కోర్టు వసారాలో తెలుగు

వేలూరుకు చుట్టాలెవరైనా వస్తే మనం చూపించేది కోట. కందకం చూపిస్తాం. జలకంఠేశ్వరుని కల్యాణ మండపంలో గుర్రపు రౌతుల స్తంభాల దగ్గర నిలబెట్టి ఫోటో తీయిస్తాం. వీలైతే టిప్పు మహల్ వైపు చెయ్యెత్తి రెండు మాటలు చెబుతాం. గుడియాత్తం వచ్చినవాళ్ళకు గంగమ్మ శిరసు పండుగ గురించి చెబుతాం. ఈ రెండు ఊళ్ళలోనూ మన తెలుగువాళ్ళు తరతరాలుగా గుడి మెట్లకంటె ఎక్కువసార్లు ఎక్కి దిగిన మెట్లు వేరే ఉన్నాయి. వాటిని మాత్రం ఎవరికీ చూపించం. అవి కోర్టు మెట్లు.

సిగ్గుపడవలసిన సంగతి అనుకుంటాం కాబోలు. కోర్టుకెక్కినవాడి ఇంట్లో దీపం ఉండదని మా జేజి అంటుండేది. అయినా ఆమె పుట్టింటివాళ్ళు ఒక చింతచెట్టు కోసం తొమ్మిదేళ్ళు వాయిదాలకు తిరిగారు. వాయిదానాటి ఉదయం చద్దిమూట కట్టి ఇచ్చింది ఆమే.

నేను చెప్పదలచుకున్నది వ్యాజ్యాల గురించి కాదు, ఆ ఇంటి గురించి. కోర్టు అనే ఇల్లు ఎలా కట్టారు, అందులో మన మాటకు ఎక్కడ చోటిచ్చారు అన్నది నా ప్రశ్న. తెలుగు సాహిత్య విమర్శ ఈ ప్రశ్న వేసుకున్నట్టు లేదు. కన్యాశుల్కంలో కోర్టు వ్యవహారం మీద మనవాళ్ళు బోలెడు రాశారు. దొంగసాక్ష్యాలు, వకీళ్ళ నోటి చురుకు, ఫీజుల బేరాలు అన్నీ రాశారు. ఆ వ్యవహారం ఎటువంటి గోడల మధ్య నడుస్తుందో, మనిషి అక్కడ ఎంత ఎత్తున నిలబడతాడో, ఎవరి ముఖం ఎవరికి కనబడుతుందో పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

ఒక చిన్న కాకతాళీయం ఉంది. మదరాసు హైకోర్టు ఎర్ర భవనం ప్రారంభమైంది 1892లో. విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి రంగస్థలం ఎక్కిందీ 1892లోనే. ఒకే రాజధాని కింద ఉన్న రెండు కొసల్లో ఒకే ఏడు న్యాయానికి ఒక మహా సౌధమూ, ఆ న్యాయం కింది మెట్టుమీద ఎలా నడుస్తోందో చెప్పే నాటకమూ పుట్టాయి. హైకోర్టుకు ప్లాను గీసింది బ్రాసింగ్టన్, దాన్ని మార్చి పూర్తి చేసినవాడు హెన్రీ ఇర్విన్. ఇండో సారసెనిక్ శైలి. గుమ్మటాలు, మీనార్లు, రంగు అద్దాల కిటికీలు, అన్నిటికీ పైన ఒక గోపురం. ఆ గోపురంమీద 1894 నుంచి 1977 వరకు ఓడలకు దారి చూపే దీపం వెలిగింది. న్యాయస్థానం నెత్తిన దీపస్తంభం ఉండడం చూసి ఆనాటి పత్రికలవాళ్ళు ఎన్ని ఉపమానాలు అల్లి ఉంటారో ఊహించుకోవచ్చు. దీపం మాత్రం సముద్రం మీది వాళ్ళకే. లోపల వరండాలో కూర్చున్న కక్షిదారుకు కాదు.

గురజాడ నాటకంలో అసలు రసమంతా తీర్పులో లేదు. తీర్పుకు ముందు జరిగే బేరాల్లో ఉంది. సాక్షి ఏం చెప్పాలో ఎక్కడ కూర్చుని నేర్పుతారు, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి రూపాయి మారుతుంది అన్నదే ఆయనకు కావలసింది. సౌజన్యారావు పంతులు వంటి ధర్మాత్ముడు వకీళ్ళలో ఒకడున్నాడని చూపించినా, ఆ మంచితనం కూడా కోర్టు హాలులోకంటె ఆయన ఇంట్లోనే మనకు ఎక్కువగా కనిపిస్తుంది. డెబ్భై ఏళ్ళ తరువాత రావిశాస్త్రి చేసిందీ అదే. ఆయన స్వయంగా విశాఖపట్నంలో ప్లీడరు. ఆరు సారా కథల్లో ‘మాయ’ చదివినవాళ్ళకు ముత్యాలమ్మ గుర్తుంటుంది గాని, మేజిస్ట్రేటు ఏమన్నాడో గుర్తుండదు. కథ బరువంతా ఆమె కుర్ర వకీలుతో చెప్పుకున్న నాలుగు మాటల్లో ఉంది. బల్లమీద కూర్చున్న న్యాయం దగ్గర ఆ మాటలు చెప్పడానికి ఆమెకు చోటు లేదు.

అంటే ఏమిటి? తెలుగు రచయితలు తెలిసో తెలియకో కోర్టు భవనాన్ని సరిగానే చదివారు. విమర్శకులం మనమే చదవలేదు. మన ప్రాంతపు పాత మున్సిఫ్ కోర్టు ఒకదాన్ని మనసులో పెట్టుకోండి. హైకోర్టు గుమ్మటాలు అక్కడ ఉండవు. పబ్లిక్ వర్క్స్ వాళ్ళు తాలూకా కచేరీ కట్టినట్టే కోర్టూ కట్టారు, ట్రావెలర్స్ బంగళా కట్టినట్టే కచేరీ కట్టారు. మధ్యన ఎత్తయిన ఒక హాలు, చుట్టూ లోతైన వసారా, వసారాకు లావాటి స్తంభాలు, సున్నం పూసిన గోడలు. కప్పు మద్రాసు మిద్దె. అంటే టేకు దూలాల మీద చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నం వేసి, పైన ఇటుక ముక్కల కాంక్రీటు దిమ్మిస చేసేది. ఎండాకాలం మూడింటికి కూడా ఆ హాలు చల్లగా ఉంటుంది. ఇంజనీరు బుర్ర ఉన్నవాడు కట్టిన ఇల్లని ఒప్పుకోవాలి. తరువాత మన ప్రభుత్వాలు కట్టించిన కాంక్రీటు పెట్టెల్లో నడిచే కోర్టుల్లో ఒక పూట కూర్చున్నవాళ్ళకు ఆ పాత హాలు విలువ తెలుస్తుంది.

ఆ హాలులో చోట్లు ఎలా పంచారో చూడండి. ఒక కొసన అరుగు, దానిమీద జడ్జీ కుర్చీ. ఆయన వెనుక తలుపులోంచి వస్తాడు, ఆ తలుపులోంచే వెళతాడు. అరుగు కింద గుమాస్తా. ఎదురుగా వకీళ్ళ బల్ల. పక్కన సాక్షి బోను. వెనుక జనం. జనం వెనుక వసారా, వసారా ముందు చెట్టు. గుడి కట్టడం తెలిసిన మనకు ఇది కొత్తగా తోచదు. గర్భగుడి, అంతరాళం, ముఖమండపం, ఆ వెనుక తిరునాళ్ళ జనం. దేవుడి దగ్గర కనీసం హారతి ఇచ్చేటప్పుడు అందరికీ మూర్తి కనబడుతుంది. కోర్టులో వాది ముఖం జడ్జీకి కనబడేది అతను బోనెక్కినప్పుడే. మిగతా రోజులన్నీ అతను వసారాలో ఒక పేరు మాత్రమే. బంట్రోతు మూడుసార్లు పిలిచే పేరు.

అంతకు ముందు మనకున్నది రచ్చబండ. దానిమీద నలుగురు పెద్దమనుషులు, చుట్టూ ఊరు. రచ్చబండ అంతా ధర్మమేనని నేననను. పెద్దకులంవాడి ముందు చిన్నకులంవాడికి అక్కడ నేలే గతి. చాలామందికి కోర్టు మెట్టే మొదటిసారి నిలబడి మాట్లాడిన చోటు. ఈ సంగతి మరిచి పాత పంచాయితీలను పొగిడే వ్యాసాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. అయితే రచ్చబండ దగ్గర ఒక్క సౌకర్యం మాత్రం ఉండేది. అడిగేవాడి భాషా చెప్పేవాడి భాషా ఒకటే.

ఇక వేలూరు సంగతి. కోట కట్టించినవాళ్ళు చిన బొమ్మిరెడ్డి, తిమ్మారెడ్డి అని మనం గర్వంగా చెప్పుకుంటాం. విజయనగరపు రాజులకు చివరి రోజుల్లో చంద్రగిరితో పాటు వేలూరే రాజధాని. రెండో వేంకటపతి రాయలు 1614లో పోయాక జరిగిన ఘోరాలు చరిత్రలో ఉన్నాయి. తరువాత బీజాపూరువాళ్ళు, మరాఠాలు, మొగలులు, ఆర్కాటు నవాబులు, ఆఖరికి కుంఫిణీ. 1799 తరువాత టిప్పు సంతానాన్ని ఈ కోటలోనే ఉంచారు. కాండీ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుణ్ణి 1816లో ఇక్కడికే తెచ్చారు. 1832లో ఇక్కడే పోయాడు. ఆయన మీద విచారణ లేదు, తీర్పు లేదు. 1806 జూలై 10 నాటి సిపాయిల తిరుగుబాటు తరువాత విచారణ అయితే జరిగింది, సైనిక విచారణ. దానికి వేసిన శిక్షల్లో ఫిరంగి మూతికి కట్టి పేల్చడం కూడా ఉంది. మొత్తంమీద వేలూరు కోటకు న్యాయంతో పాత పరిచయమే. అయితే ఆ న్యాయం ఎక్కువగా గోడలది, తక్కువగా వాదానిది.

కోటలోపల చాలాకాలం ప్రభుత్వ కచేరీలు నడిచాయి. ఒకవైపు 1846 నాటి చర్చి, ఒకవైపు మసీదు, ఒకవైపు దేవుడు లేని గుడి, మధ్యన దఫ్తరాలు మోసుకుపోయే బంట్రోతులు. జలకంఠేశ్వరుని గర్భగుడిలో మళ్ళీ లింగ ప్రతిష్ఠ జరిగింది 1981లో. దేవుడు లేని అన్నేళ్ళూ ఆ కోటలో కాగితం ఉంది. ఇది ఎగతాళి కాదు. కోటను గురించి రాసే మన వ్యాసాలన్నీ కల్యాణ మండపం స్తంభాల్లో ఏనుగు ఎద్దుల ముఖం ఒకే తలగా చెక్కిన శిల్పం దగ్గర ఆగిపోతాయి. ఆ శిల్పం గొప్పదే. కాని మా తాతకు ఈ కోటతో ఉన్న సంబంధం ఆ శిల్పంతో కాదు, ఒక రిజిస్ట్రేషను నకలుతో.

జిల్లా కథ ఇంకా చిక్కు. 1801లో కర్ణాటక రాజ్యం కుంఫిణీ చేతికి వచ్చింది. 1802లో జిల్లా కోర్టుల పద్ధతి పెట్టారు. వాటి పైన ప్రాంతీయ అప్పీలు కోర్టులు నాలుగు. ఉత్తరానికి మచిలీపట్నం, దక్షిణానికి తిరుచిరాపల్లి, పడమటికి తలచేరి, నడిమి విభాగానికి చిత్తూరు. 1816లో మన్రో కాలపు చట్టాలతో జిల్లా మున్సిఫులు, గ్రామ మున్సిఫులు వచ్చారు. గ్రామ మున్సిఫు అంటే ఊరి పెత్తందారే. పేరు మారింది, మనిషి మారలేదు. ప్రాంతీయ కోర్టులు 1843లో పోయాయి. 1862లో హైకోర్టు వచ్చింది. ఇంత కాలమూ ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. వేలూరు, గుడియాత్తం తాలూకాలవాళ్ళు జిల్లా కచేరీకి చిత్తూరు పోవలసిందే. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు వేరే జిల్లా అయింది. వేలూరు ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణమైంది. ఆనాటికి రెండు చోట్లా ఒకే ప్రెసిడెన్సీ, ఒకే హైకోర్టు. తెలుగు కాగితం ఎటు పోయినా చదివే గుమాస్తా ఉన్నాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960లో పటాస్కరు నిర్ణయం ప్రకారం తిరుత్తణి ఇటు, కొన్ని ఊళ్ళు అటు మారాయి. ఊళ్ళు మారాయి, మనుషులు మారారు. పెట్టెల్లోని దస్తావేజులు మాత్రం ఏ భాషలో పుట్టాయో ఆ భాషలోనే ఉండిపోయాయి.

ఈ దస్తావేజుల తెలుగు గురించే నాకు చెప్పాలని ఉంది. పాఠశాలలో తెలుగు చెప్పే రోజుల్లో నేను దాన్ని తెలుగనే అనుకోలేదు. ‘శాయంగల విధాయకం’ అనే మాట వింటే నవ్వేవాణ్ణి. బ్రౌను దొర నవ్వలేదు. ఆయన కోర్టుల్లో పనిచేసినవాడు. కచేరీ మాట రాకపోతే జడ్జీకి పూట గడవదని అనుభవం మీద తెలిసినవాడు. 1852లో జిల్లా కచేరీల మాటలకు ఒక నిఘంటువు వేశాడు. 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశాడు. తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకోసమే ఆ పుస్తకం. దావా, వకాల్తా, జప్తు, దఫ్తరు, రుజువు, హాజరు, వాయిదా, ఇవేవీ పండితుల నిఘంటువుల్లో దొరికేవి కావు. రైతు నోట్లో దొరికేవి.

ఇండో సారసెనిక్ భవనాన్ని మెచ్చుకునేవాళ్ళు దాని కలగలుపు గురించి చెబుతారు. అక్కడి కమాను, ఇక్కడి గుమ్మటం, మరోచోటి కిటికీ. అది గీతబల్ల ముందు కూర్చుని ఒకరిద్దరు చేసిన కలగలుపు. చూపుకోసం చేసింది. దస్తావేజులోని కలగలుపు అలాంటిది కాదు. ఒక మాదిరి క్రయపత్రం ఇట్లా నడుస్తుంది: ఫలానా తాలూకా ఫలానా గ్రామం కాపురస్తుడు ఫలానావారి కుమారుడు ఫలానావారికి రాసి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు ఏమనగా, నా స్వార్జితమై నా స్వాధీనానుభవంలో ఉండే భూమిని కుటుంబ అక్కర నిమిత్తం మీకు క్రయంచేసి సొమ్ము ముట్టినందున, ఇక మీదట మీరే దాన వినిమయ విక్రయాదులకు యోగ్యమైన సర్వ స్వాతంత్ర్యాలతో పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించగలవారు. తరువాత చెక్కుబందీ. తరువాత నిశాని, సాక్షులు, చివర రాసినవాడి దస్తూరి.

అదంతా ఒకటే వాక్యం. సంస్కృతం పూర్వపు శాసనాలనుంచి వచ్చింది, పారసీకం నవాబు కచేరీనుంచి వచ్చింది, తాలూకా, కాపురం, అక్కర అన్నీ పక్కపక్కన కూర్చున్నాయి. ఎవడూ అందం కోసం కలపలేదు. రేపు ఎవడైనా వచ్చి కాదంటాడేమో అన్న భయంతో ఒక్కొక్క మాటా చేర్చుకుంటూ పోయారు. భయంతో కట్టిన వాక్యం కాబట్టి దానికి పటుత్వం ఉంది. మన పద్యకవుల సమాసాలను విప్పి చూపించే పండితులు ఈ వాక్యాన్ని ఒకసారి విప్పి చూస్తే బాగుండును. అందులోనూ చెక్కుబందీ దగ్గరకు వచ్చేసరికి సంస్కృతం, పారసీకం రెండూ చేతులెత్తేస్తాయి. గట్టు, వంక, డొంక, మిట్ట, కుంట, కయ్య, కపిలబావి. అక్కడ పనికివచ్చేది ఊరి తెలుగే.

కోర్టుకూ తెలుగు రచనకూ ఉన్న బంధానికి మనవంటి సరిహద్దు ఊరే ఒకటి సాక్ష్యం, బళ్ళారి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ ప్లీడరు. కోలాచలం శ్రీనివాసరావు అక్కడ ప్లీడరు. బళ్ళారి రాఘవ వకీలు. ఆంధ్ర నాటకానికి దొడ్డ పునాది వేసిన ముగ్గురూ నాలుగు భాషలు వినబడే ఒక కోర్టు హాలులో పగలంతా నిలబడి మాట్లాడి, సాయంత్రం వేషం కట్టినవాళ్ళు. ఇది ఊరికే జరిగిందని నేననుకోను. అరుగు, దానికి ఎదురుగా జనం, మధ్యన ఒకరు లేచి మాట్లాడడం, రెండోవాడు అడ్డుకోవడం, సాక్షి ముఖం మారిపోవడం, ఇదంతా వాళ్ళకు రోజూ చేసే అభ్యాసం. రాఘవ ఆడిన ‘తప్పెవరిది’ నాటకం రాసినవాడు పి.వి. రాజమన్నారు. ఆయన 1948 నుంచి 1961 వరకు మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఎర్ర భవనంలో అందరికంటె ఎత్తున ఉన్న కుర్చీలో తెలుగు నాటకకర్త కూర్చున్నాడంటే మనకు సంతోషమే. ఆయన తీర్పులు చెప్పింది ఇంగ్లీషులో. అదీ నిజమే.

ఇప్పుడు గుడియాత్తం దగ్గర జరిగిన ఒక సంగతి చెబుతాను. ఊరిపేరు, మనుషుల పేర్లు వద్దు. పన్నెండేళ్ళయింది. మాకు దూరపు చుట్టమైన ఒక పెద్దాయన మాసిపోయిన దస్తావేజు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“మామా, నువ్వు తెలుగయ్యవారివి గదా, దీన్ని ఒకసారి సదువు. కోర్టులో నా నేల పాయె” అన్నాడు.

కాగితం 1921 నాటిది. ఆయన తాత కొన్న చేను. దావాలో దాన్ని దాఖలు చెయ్యడానికి తెలుగు కాగితానికి తమిళ అనువాదం కావాలన్నారు. ఆయన కొడుకు ఎక్కడో టైపు చేసే చోట ఇచ్చి రాయించుకొచ్చాడు. అనువాదం చక్కగా, శుభ్రంగా ఉంది. కాపురస్తుడు సరే, శుద్ధ క్రయం సరే, పుత్రపౌత్ర పారంపర్యం సరే. చెక్కుబందీలో తూర్పున బండిబాట, దక్షిణాన కుంట, పడమట గట్టు. ఉత్తరాన ఉన్న ‘వంక’ను ఆ అనువదించినవాడు వంపు అని రాశాడు. వంకర అన్న మాట అతనికి తెలిసి ఉంటుంది. వంక అంటే వాన వస్తే పారే ఏరు అని తెలిసి ఉండదు. మన కర్మకు ఆ బండిబాట వంకదాకా పోయేముందే పడమటికి ఒక వంపు తిరుగుతుంది. దాంతో ఉత్తరపు హద్దు వంకనుంచి వంపుకు వచ్చేసింది. ఆ రెండింటి మధ్య ఉన్న తుండు నేలలోనే కపిలబావి.

నేను బోనెక్కాను. ముప్ఫై రెండేళ్ళు పిల్లల ముందు నిలబడ్డవాణ్ణి, కాళ్ళు వణకవనుకున్నాను. వణికాయి. ఆ చెక్క కటకటా నా మోచేతుల ఎత్తున ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జడ్జీ చిన్నవయసు మనిషి, మర్యాదగా అడిగారు. ప్రశ్న తమిళం. జవాబు నేను తమిళంలోనే చెప్పాను, వచ్చు కనుక. నాకు ముందు బోనెక్కిన ముసలివాడికి తెలుగే గతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 137వ సెక్షను ప్రకారం కింది కోర్టుల భాష రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. సాక్షి చెప్పిన భాష ఒకటి, రాసుకున్న భాష మరొకటి అయి, రాసింది అతనికి అర్థం కాకపోతే, అతను చెప్పిన భాషలోనే దాన్ని చదివి వినిపించాలని కూడా ఆ కోడ్‌లోనే ఉంది. చట్టంలో లోటు లేదు. చదివి వినిపించేవాడు ఎవరన్నదే లోటు. ఆ పూట ఎదుటి పక్షపు ప్లీడరు గుమాస్తా లేచి వినిపించాడు. అతని ఇంట్లో తెలుగే. నిజాయితీగానే వినిపించాడని నేను చెప్పగలను. ఎదుటివాడి గుమాస్తా నిజాయితీమీద ఆధారపడవలసి వచ్చిందన్నది వేరే మాట.

“వంక అంటే వంపు కాదా?” అని ఎదుటి ప్లీడరు నన్ను అడిగారు. ఆయన అడిగిన పద్ధతిలో తప్పులేదు. తెలుగులో ఆ మాటకు పక్క అని అర్థం ఉంది, సాకు అని ఉంది, వంపు అని కూడా ఉంది. నెలవంక అంటాం కదా. ఆయనకు నెలవంక తెలియకపోవడం మా అదృష్టం. నేను మన జిల్లాల్లో ఆ మాట ఎట్లా వాడతామో చెప్పాను. పక్కూరి పేర్లలో వంక ఉందని చూపించాను. అదే దస్తావేజులో పై పేరాలో వంకకు కట్ట వేసుకునే హక్కు అని ఉంది, వంపుకు కట్ట ఎవరు వేస్తారని అడిగాను. జడ్జీ నవ్వి ఆ వాక్యం మళ్ళీ చదవమన్నారు. హాలులో తెలుగు అంత గట్టిగా వినబడడం నాకది మొదటిసారి. ఎత్తయిన కప్పు కింద మాట గుండ్రంగా తిరిగి వచ్చింది. పాత హాలు అని ఇందాక మెచ్చుకున్నది అనుభవం మీదనే.

విమర్శకుడుగా నాకు అప్పుడు తోచింది ఒకటుంది. నేను ఆ పూట చేసింది వ్యాఖ్యానం. మాటకు నాలుగు అర్థాలుంటే ఈ చోట ఏది అని సందర్భంతో నిర్ణయించడం. మల్లినాథుడు చేసిన పనే. కాకపోతే తప్పు చెబితే ఒక బావి పోతుంది. మనం పత్రికల్లో రాసే విమర్శల్లో తప్పు చెబితే పోయేదేమీ లేదు. కనుక నచ్చినట్టు చెబుతుంటాం.

ఇటీవల వేలూరు కోర్టులు సత్తువాచ్చారిలోని కొత్త భవనాల్లో ఉన్నాయి. వెడల్పాటి మెట్లు, అంతస్తులు, ఎన్నో హాళ్ళు. జిల్లా 1989లో ఒకసారి, 2019లో మరోసారి విడిపోయింది. ఆ భవనాల్లో వసారా అనేది ప్లానులో లేదు. నడవాలే ఉన్నాయి. కక్షిదారు కూర్చోవడానికి చెట్టు వెతుక్కోవాలి. కట్టినవాళ్ళు జడ్జీలకు, వకీళ్ళకు, రికార్డులకు చోటు కొలిచి కట్టారు. వాయిదా మనిషి రోజంతా ఎక్కడ ఉంటాడన్నది కొలతల్లోకి రాలేదు. పాత ఇంజనీరు దొరతనానికి చెందినవాడే అయినా, ఎండ ఎంత ఉంటుందో లెక్క చూశాడు.

రికార్డుల్లో తెలుగు కాగితాలు ఎన్ని ఉన్నాయో గాని, ఇళ్ళల్లో మాత్రం ట్రంకు పెట్టెకొకటి ఉంది. 2006 చట్టం తరువాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే. నా బతుకంతా తమిళుల మధ్యనే సుఖంగా గడిచింది. కాని ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం రాని తరం వచ్చేసింది. వాళ్ళ తాతల నేల హద్దులు వాళ్ళకు చదవరాని అక్షరాల్లో ఉన్నాయి. మన సంఘాలు పద్యపోటీలు పెడుతున్నాయి, సంతోషం. గొలుసుకట్టు రాత చదవడం నేర్పే తరగతి ఒకటి, ఆదివారం రెండు గంటలు, పెట్టమని నేను రెండు సభల్లో అడిగాను. శాలువా కప్పి కూర్చోబెట్టారు.

ఆ దావా తరువాత మూడు వాయిదాలకు తేలింది. ఉత్తరపు హద్దు వంకే అన్నారు. కపిలబావి పెద్దాయనకే ఉండిపోయింది. అందులో నీళ్ళు లేవు, ఇరవై ఏళ్ళుగా లేవు. ఆ సంగతి నాకు డిక్రీ వచ్చిన రోజు బస్సులో తిరిగి వస్తుంటే చెప్పాడు.

“మరి దేనికి నాయనా ఇంత తిప్పలు?” అన్నాను.

“మా తాత తవ్వించిన బావి మామా” అన్నాడు.

పోయిన సంక్రాంతికి ఆయన మనవడు వచ్చాడు. కాట్పాడిలో చదువుకుంటున్నాడు. ఆ దస్తావేజుకు రెండువైపులా ప్లాస్టిక్ అతికించి తెచ్చాడు. వరస వరసకూ కింద తమిళ అక్షరాల్లో తెలుగు మాట రాసి ఇమ్మన్నాడు. ప్లాస్టిక్ మీద సిరా నిలవదు. వేరే కాగితంమీద రాయడం మొదలుపెట్టాను. ‘శాయంగల’ దగ్గర ఆపి, అంటే ఏంటి తాతా అన్నాడు.